మొదటి మొక్క కొనే ముందు: ఇంట్లో సులువుగా బతికే మొక్కను ఎంచుకోవడం ఎలా?

నర్సరీలో అడుగు పెట్టగానే చూపు ముందు పూల మీదకో, పెద్ద పెద్ద ఆకుల మీదకో పోతుంది. నచ్చింది కదా అని తెచ్చేసుకుంటాం. ఇంటికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలా అని గదులన్నీ తిరుగుతాం. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలిపోతాయి. ‘నా చేతికి మొక్కలు రావు’ అనుకుని చాలామంది ఇక ఆ ఊసే ఎత్తరు. ఈ మాట ఎంతోమంది నోట విన్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే వాళ్ల చేతిలో ఏ లోపమూ ఉండదు, వరస తప్పిందంతే. ముందు చోటు చూసుకోవాలి, తర్వాత మన అలవాట్లు చూసుకోవాలి, ఆ రెండింటికీ పొసగే మొక్కను ఆఖర్న కొనాలి.

1. ముందు వెలుతురు చూసుకోండి

మన కళ్లు చీకటికీ వెలుగుకీ తగ్గట్టు సర్దుకుంటాయి. గది మధ్యలో కూర్చుని పుస్తకం చదవగలిగితే ఇక్కడ వెలుతురు బాగానే ఉందనుకుంటాం. మొక్కకు అలా సర్దుకోవడం కుదరదు. అది తన ఆహారం తయారుచేసుకునేది ఆ వెలుతురుతోనే. కిటికీ నుంచి రెండు మూడు మీటర్లు లోపలికి జరిగితే చాలు, కిటికీ పక్కన ఉండే వెలుతురులో చిన్న వంతే మిగులుతుంది. మనకు తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది.

దీన్ని కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మబ్బు లేని రోజు మధ్యాహ్నం, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం ఒకటి పరచండి. దానికి అడుగు ఎత్తున మీ అరచేయి చాపండి. వేళ్ల అంచులతో సహా నీడ గీత గీసినట్టు పడితే అక్కడ వెలుతురు ఎక్కువ. చెయ్యి అని పోల్చుకోగలిగేలా ఉండి, అంచులు చెదిరిపోతే మధ్యస్థం. నీడ పడీపడనట్టు ఉంటే తక్కువ. అసలు నీడే పడకపోతే ఆ మూల మొక్కకు పనికిరాదు, అక్కడ ఇంకేదైనా పెట్టుకోండి.

ఇంకో పని కూడా చేయండి. మొక్క ఉండబోయే ఎత్తుకి తల వంచి, అక్కడి నుంచి కిటికీ వైపు చూడండి. ఆకాశం ఎంత కనిపిస్తోంది? ఎదురింటి గోడ మాత్రమే కనిపిస్తే, కిటికీ ఎంత పెద్దదైనా అది తక్కువ వెలుతురున్న చోటే. ఆకాశం బాగా కనిపిస్తూ సూర్యుడు మాత్రం నేరుగా కనిపించకపోతే, ఇంట్లో పెరిగే మొక్కల్లో చాలావాటికి నచ్చే వెలుతురు అదే. మొక్కల వాళ్లు ‘నేరుగా పడని మంచి వెలుతురు’ అని చెప్పేది దీని గురించే.

కిటికీ ఏ దిక్కుకు ఉందో కూడా గుర్తుపెట్టుకోండి. తూర్పు కిటికీలో పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. పడమటి ఎండకు చురుకెక్కువ, లేత ఆకుల్ని మాడ్చేయగలదు. భూమికి ఉత్తర భాగంలో ఉన్నవాళ్లకు దక్షిణపు కిటికీలోంచి ఎండ ఎక్కువగా వస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. ఉత్తరపు కిటికీకి బాగా తక్కువ. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి చదువుకోవాలి.

మీకున్న చోటల్లా చీకటి మూలలే అయితే నిరాశపడకండి. మొక్కలకని అమ్మే ఎల్‌ఈడీ దీపం ఒకటి తెచ్చి, రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగేలా టైమర్ పెడితే సరిపోతుంది. కానీ వెలుతురే రాని గదిలో ‘నీడలో బతికే మొక్క’ పెట్టేస్తే పోలా అనుకోవద్దు. నీడను తట్టుకోవడమంటే నెమ్మదిగా పెరుగుతూ నెట్టుకురావడం. చీకట్లో బతికే పచ్చటి మొక్క ఏదీ లేదు.

2. మీ సంగతి మీరు నిజాయితీగా చూసుకోండి

మొక్కలు పెంచేవాళ్లలో మరిచిపోయేవాళ్లుంటారు, ఊరుకోలేనివాళ్లుంటారు. మరిచిపోయేవాళ్లకు పదిహేను రోజుల తర్వాత గానీ మొక్క గుర్తుకు రాదు. ఊరుకోలేనివాళ్లు పొద్దున లేవగానే చెంబు పట్టుకుని బయల్దేరతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో రెండో రకమే ఎక్కువ, మొక్కలు పోయేది కూడా ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే. ఇద్దరికీ సరిపోయే మొక్కలున్నాయి, కాకపోతే అవి వేరువేరు. తరచూ ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే మిమ్మల్ని మీరు మొదటి లెక్కలో వేసుకోండి.

ఇంట్లో పిల్లి, కుక్క, లేదా దొరికింది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఇక్కడే ఆగి ఆలోచించండి. మనీ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, పీస్ లిల్లీ, అగ్లోనిమా వంటి వాటిలో కాల్షియం ఆక్సలేట్ అనే సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి. ఆకు కొరికితే నోరు, గొంతు మండి వాచిపోతాయి. స్నేక్ ప్లాంట్, కలబంద కూడా పిల్లులకీ కుక్కలకీ మంచివి కావు. అలాంటి ఇంటికి స్పైడర్ ప్లాంట్, ఆస్పిడిస్ట్రా, పెపరోమియా నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. అసలైన లిల్లీ పూలు మాత్రం పిల్లి ఉన్న ఇంట్లోకి రానివ్వకండి, కొద్దిగా తిన్నా దాని మూత్రపిండాలు పాడై ప్రాణం మీదకు వస్తుంది. పీస్ లిల్లీ పేరుకే లిల్లీ, దాని కుటుంబం వేరు.

3. ఇప్పుడు మొక్క సంగతి

మరిచిపోయేవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పే పేర్లు రెండు: స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్. రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవి, రెండూ నీళ్లు దాచుకునేవి. జెడ్‌జెడ్‌ను ఎప్పుడైనా కుండీలోంచి తీసి చూస్తే మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపలు కనిపిస్తాయి. అవే దాని నీళ్ల ట్యాంకులు. మూడు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్లినా అది ఏమీ అనుకోదు. స్నేక్ ప్లాంట్ మరో ఉపాయం పట్టింది. పగటి ఎండలో తేమ పోకుండా ఆకుల మీది రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరిచి గాలి తీసుకుంటుంది. ఎడారి మొక్కలు వాడే పద్ధతి ఇది. పాత లేబుళ్ల మీద దీని పేరు శాన్సెవీరియా అని ఉంటుంది, ఇప్పుడు వృక్షశాస్త్రం దీన్ని డ్రసీనా ప్రజాతిలో చేర్చింది. రెండు పేర్లూ ఒకే మొక్కవి.

ఊరుకోలేనివాళ్లు ఆ రెండింటి జోలికి వెళ్లకండి. మీకు మనీ ప్లాంట్ ఉంది. ఈ పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో మొక్కను పిలుస్తారు గానీ, తెలుగువాళ్లం అనే మనీ ప్లాంట్ పోథోస్. పసిఫిక్ మహాసముద్రంలోని మోరేయా దీవి దాని పుట్టిల్లు. మధ్యస్థ వెలుతురులో హాయిగా పెరుగుతుంది, తక్కువలోనూ సర్దుకుంటుంది, కాకపోతే ఆకుల మీది పసుపు చారలు తగ్గి పచ్చదనం ఎక్కువవుతుంది. ఒట్టి నీళ్ల సీసాలో కూడా ఏళ్లతరబడి ఉంటుంది కాబట్టి, రోజూ నీళ్లతో ఏదో ఒకటి చేయకపోతే తోచనివాళ్లకు ఇంతకన్నా మంచి మొక్క లేదు. చెట్టెక్కి పెరిగే చోట దీని ఆకులు చేటంతై, అంచులు చీలి, ఇది మన కిటికీలోని తీగేనా అనిపిస్తాయి.

పీస్ లిల్లీ కూడా మీకే. దానికి నీళ్లు తగ్గితే ఆకులన్నీ ఒక్కసారిగా కిందికి వాలిపోతాయి. చూడ్డానికి భయమేస్తుంది. నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో మళ్లీ లేచి నిలబడుతుంది. దాహం వేసిందని ఇంత స్పష్టంగా చెప్పే మొక్క దగ్గర నీళ్లు పోయడం నేర్చుకోవడం సులువు. అయితే అలా వాలేదాకా ప్రతిసారీ ఆగకండి, పదే పదే ఎండితే ఆకుల కొసలు మాడతాయి.

స్పైడర్ ప్లాంట్ సన్నటి గడ్డిలాంటి ఆకులతో, వేలాడే పిల్ల మొక్కలతో ముచ్చటగా ఉంటుంది. ఆకుల కొసలు గోధుమరంగుకి తిరగడం దీనికి మామూలే, కుళాయి నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా ఒక కారణం. ఎండ నేరుగా పడే కిటికీ ఉంటే కలబంద, జేడ్ ప్లాంట్ పెట్టండి, ఆ ఎండ లేకపోతే అవి సాగి, బలహీనపడి వాలిపోతాయి. రంగు ఆకులు కావాలంటే అగ్లోనిమా చూడండి. ఆకుపచ్చ రకాలు కాస్త నీడలోనూ ఉంటాయి, ఎరుపు, గులాబీ రకాలకు వెలుతురు ఎక్కువ కావాలి. ఆకు మీద తెలుపు, పసుపు, గులాబీ ఎంత ఎక్కువుంటే ఆహారం తయారుచేసే పచ్చ భాగం అంత తగ్గుతుంది కాబట్టి, ఈ సూత్రం మిగతా మొక్కలకూ వర్తిస్తుంది.

మొదటిసారి వద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. ఫిడిల్ లీఫ్ ఫిగ్ చోటు మారిస్తే ఆకులు రాల్చేస్తుంది. కలాథియాకు గాలిలో తేమ తగ్గకూడదు. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్‌కు మట్టి ఒక్కరోజు పూర్తిగా ఎండినా ఆకులు కరకరలాడిపోతాయి. ఇవన్నీ అందమైనవే, నాకూ ఇష్టమే. ఏడాది అనుభవం వచ్చాక తెచ్చుకోండి.

‘గాలిని శుభ్రం చేస్తుంది’ అని రాసి ఉన్న లేబుల్ చూసి మాత్రం మొక్కను ఎంచుకోకండి. ఆ మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అది జరిగింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. 2019లో వచ్చిన ఒక సమీక్ష ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టింది. తలుపులూ కిటికీల గుండా గాలి ఎలాగూ మారుతూనే ఉంటుంది కదా, దానితో సమానంగా మొక్కలు గాలిని శుభ్రం చేయాలంటే నేల మీద ప్రతి చదరపు మీటరుకూ పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని తేల్చింది. కిటికీ తెరిస్తే అంతకన్నా మేలు. పొద్దున్నే కొత్త ఆకు విచ్చుకోవడం చూస్తే కలిగే సంతోషం కోసం మొక్కను తెచ్చుకోండి, ఆ కారణం చాలు.

4. నర్సరీలో చూడాల్సినవి

అన్నింటికన్నా పెద్ద మొక్క వద్దు. చిన్నగా, గుబురుగా, కొత్త చిగురు వేస్తున్నదాన్ని తీసుకోండి. లేత ఆకు ఒక్కటి కనిపించినా వేళ్లు బాగున్నాయన్న నమ్మకం కలుగుతుంది.

తర్వాత ఆకు తిప్పి అడుగువైపు చూడండి. పురుగులు దాక్కునేది అక్కడే. ఆకు కాడ కాండాన్ని కలిసే చోట దూదిలాంటి తెల్లటి ముద్దలుంటే పిండినల్లి. ఆకుల మధ్య సాలెగూడులాంటి సన్నటి బూజు, ఆకు మీద సూది పొడిచినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి. గోటితో గీకితే ఊడొచ్చే గోధుమరంగు బొడిపెలు పొలుసు పురుగులు. వీటిలో ఏది కనిపించినా ఆ మొక్కనే కాదు, దాన్ని ఆనుకుని ఉన్నవాటినీ వదిలేయండి. మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా కదిపి చూడండి, వదులుగా ఊగినా, మట్టి ముక్కిపోయిన వాసన వచ్చినా వద్దు. కుండీ అడుగు రంధ్రంలోంచి ఒకటి రెండు వేళ్లు తొంగిచూస్తే ఫరవాలేదు.

పేరు అడిగి రాసుకోండి. ఇప్పటిదాకా ఎండలో పెరిగిందా, నీడలోనా అని కూడా అడగండి.

5. కుండీ, మట్టి

కుండీ అడుగున రంధ్రం ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. రంధ్రం లేని అందమైన కుండీ నచ్చితే, మొక్కను రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని ఇందులో పెట్టండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, కారిపోయాక మళ్లీ లోపల పెట్టొచ్చు. అడుగున గులకరాళ్లు వేస్తే రంధ్రం లేకపోయినా నడుస్తుందని చెబుతుంటారు, అది నిజం కాదు. సన్నటి మట్టిలోంచి నీళ్లు పెద్ద రాళ్ల ఖాళీల్లోకి సులువుగా దిగవు, మట్టి పూర్తిగా నానాకే దిగుతాయి. అంటే తడి ఇంకా పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది.

ఇంట్లో కుండీలకు తోటమట్టి ఒక్కటే వాడితే గట్టిపడిపోతుంది. కొబ్బరిపొట్టు, బాగా మాగిన కంపోస్టు, పెర్లైట్ (తెల్లగా, తేలిగ్గా ఉండే గుల్ల రేణువులు) లేదా ముతక ఇసుక కలిపితే గుల్లగా ఉంటుంది. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, కలబంద, జేడ్‌కు ఇసుక, పెర్లైట్ పాలు పెంచండి.

6. ఇంటికి తెచ్చిన మొదటి నెల

తెచ్చిన రోజే కుండీ మార్చేయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. చోటు మారడమే మొక్కకు ఒక పెద్ద మార్పు. మట్టి మరీ చెడిపోయి ఉంటే తప్ప రెండు మూడు వారాలు దాని మానాన దాన్ని వదిలేయండి. ఈ సమయంలోనే మిగతా మొక్కలకు దూరంగా ఉంచితే, కంటికి కనబడకుండా వచ్చిన పురుగులేమైనా ఉంటే బయటపడతాయి. కింది ఆకులు ఒకటో రెండో పసుపెక్కి రాలితే టెన్షన్ పడకండి, కొత్త వెలుతురుకు తగ్గట్టు అది తన ఖర్చు తగ్గించుకుంటోంది. కొత్త ఆకులు కూడా పాడవుతుంటేనే చోటు మార్చండి. ఏసీ గాలి, హీటర్ వేడి నేరుగా తగలనివ్వకండి.

7. నీళ్లు పోయడం

ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే మొక్కలు నిలిచినా పోయినా ఇక్కడే.

వేళ్లు ఊపిరి పీల్చుకుంటాయి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోని గాలే వాటికి ఆధారం. రోజూ నీళ్లు పోస్తే ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోయి, వేళ్లకు గాలి అందక కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైన ఆకులు వాడతాయి. వాడిన ఆకులు చూసి పాపం దాహమేస్తోందని మనం ఇంకో చెంబెడు పోస్తాం.

నా మొదటి స్నేక్ ప్లాంట్ అలాగే పోయింది. రోజూ పొద్దున ఒక గ్లాసు నీళ్లు పోసేలా అలవాటు చేసుకున్నాను. ఒకరోజు ఆకు తుడుద్దామని పట్టుకుంటే, నిలువెత్తు ఆకు అలాగే చేతిలోకి ఊడి వచ్చేసింది. పైభాగం గట్టిగా, పచ్చగా, ఏ మచ్చా లేకుండా ఉంది. మట్టిలో ఉన్న బెత్తెడు మేర మాత్రం గోధుమరంగుకి తిరిగి, నొక్కితే జారిపోతూ, కుళ్లు వాసన కొట్టింది. ఎన్ని రోజుల నుంచి అలా అవుతోందో ఆకు పైకి చెప్పనేలేదు. కుళ్లింది కోసేసి, మంచి భాగాన్ని ముక్కలు చేసి, రెండు రోజులు ఆరనిచ్చి గుచ్చాను. నెలల తర్వాత పిలకలు వచ్చాయి గానీ, తల్లి మొక్క ఆకులకు ఉన్న పసుపు అంచు వాటికి రాలేదు. ఆ రకంలో ఆకు ముక్కల నుంచి వచ్చే పిలకలు ఒట్టి పచ్చగానే వస్తాయని, అంచు నిలవాలంటే దుంపతో సహా విడదీసి నాటాలని అప్పుడే తెలిసింది.

కాబట్టి వారం, తారీఖు చూసి నీళ్లు పోయకండి. వేలు మట్టిలోకి రెండంగుళాలు దించండి. మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్‌లకు ఆ లోతు పొడిగా తగిలితే పోయండి. పీస్ లిల్లీకి అంతకన్నా కాస్త ముందే, పైమట్టి ఆరగానే. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకు కుండీ అడుగుదాకా ఎండాలి, అందుకు వేలు చాలదు, సన్నటి పుల్ల గుచ్చి తీయండి. మట్టి అంటుకోకుండా శుభ్రంగా వస్తే సమయమైనట్టు. చల్లటి రోజుల్లో, వెలుతురు తక్కువున్న చోట ఇందుకు నెల పట్టినా ఆశ్చర్యం లేదు.

నాకు వీటన్నిటికన్నా నమ్మకమైనది బరువు. నీళ్లు పోసి కారనిచ్చాక కుండీని రెండు చేతులతో ఎత్తండి, ఆ బరువు గుర్తుపెట్టుకోండి. మూడు రోజులకోసారి ఎత్తుతూ ఉండండి. ఒకరోజు లోపల ఏమీ లేనట్టు తేలిగ్గా లేస్తుంది. నాలుగైదు సార్లు అయ్యేసరికి మీ చేతులకే తెలిసిపోతుంది.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా, కుండీ చుట్టూ తిప్పుతూ పోయండి. అరగంట ఆగి పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి.

8. మిగతా చిన్న పనులు

ఆకుల మీద దుమ్ము పేరుకుంటే వెలుతురు అందదు, నెలకోసారి తడిగుడ్డతో తుడవండి. తుడుస్తూ అడుగువైపు కూడా చూస్తారు కాబట్టి పురుగు పట్టినా తొందరగా కనిపెడతారు. పిండినల్లి కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే పోతుంది, ఎక్కువుంటే వేపనూనె కలిపిన సబ్బునీళ్లు వారానికోసారి పిచికారీ చేయండి. ఎరువు చిగుళ్లు వేసే కాలంలోనే వేయండి, ప్యాకెట్ మీద చెప్పినదానిలో సగం మోతాదు చాలు. కుండీని రెండు వారాలకోసారి కాస్త తిప్పితే మొక్క ఒకవైపే వంగిపోదు. వేళ్లు కుండీ నిండా చుట్టుకుపోయినప్పుడు ఒకటి రెండు అంగుళాలు పెద్దదానిలోకి మార్చండి, మరీ పెద్దది వద్దు. వేళ్లు లేని మట్టి తొందరగా ఆరదు.

రెండో మొక్క ఎప్పుడు?

మొదటి మొక్క మీ ఇంట్లో, మీ చేతి నీళ్లతో ఒక కొత్త ఆకు వేశాక. మొదటిది మనీ ప్లాంట్ అయితే రెండోదాన్ని కొనక్కర్లేదు కూడా. తీగ మీద ఆకు కాడ మొదలయ్యే చోట గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది, వేరు పుట్టేది అక్కడి నుంచే. ఆ కణుపుకి అరంగుళం కింద కోయండి. కణుపు మునిగేలా, ఆకు మునగకుండా నీళ్ల గ్లాసులో పెట్టి వెలుతురున్న చోట ఉంచండి. వారానికోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. రెండంగుళాలు పెరిగాక తడిపిన మట్టిలో నాటి, మొదటి రెండు వారాలు మాత్రం మట్టిని పూర్తిగా ఎండనివ్వకండి, నీళ్లలో పుట్టిన వేళ్లకు మట్టి అలవాటవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.